రివాల్వర్ సూపర్ డీలక్స్: కొత్త మిక్స్ వినాలా, పాత మోనోతోనే ఉండాలా?

నాలుగు_ట్రాకులు · 2022 నవంబర్ 4

బీటిల్స్ 1966 ఆల్బమ్ ‘రివాల్వర్’కి సూపర్ డీలక్స్ అనే పెద్ద పెట్టె వచ్చి వారమైంది. ఈపాటికి చాలామంది ఒక చుట్టు వినేసి ఉంటారు కాబట్టి సూటిగా వస్తాను. ఐదు సీడీలు, 63 ట్రాకులు. జైల్స్ మార్టిన్ (బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు), సామ్ ఒకెల్ చేసిన కొత్త స్టీరియో మిక్స్ (శబ్దాల్ని ఎడమ, కుడి వైపులకి పంచి కలిపినది), 1966 నాటి మోనో (అంతా ఒకే ధారగా కలిపినది), పాత టేకులూ (పాటని రికార్డు చేసిన ఒక్కో ప్రయత్నం) రిహార్సళ్లూ ఉన్న రెండు సెషన్స్ డిస్కులు, ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ పాటలతో ఓ చిన్న ఈపీ (కొద్ది పాటలే ఉండే రికార్డు).

నాకైతే కొత్త మిక్స్ బ్రహ్మాండంగా నచ్చింది. ‘టాక్స్‌మన్’ పాత స్టీరియోలో డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్ మూడింటినీ ఎడమవైపు ఓ మూల కుక్కేశారు. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఎప్పుడూ చిరాకే. ఇప్పుడు డ్రమ్స్ మధ్యలోకి వచ్చాయి, బేస్ కడుపులో తగులుతోంది. ‘ఎలినోర్ రిగ్బీ’లో పాల్ మెకార్ట్నీ గొంతు కుడి చెవిలోంచి బయటపడి, తీగ వాయిద్యాల నడుమ కుదురుగా నిలబడింది. ఇన్నేళ్లూ మనం ఈ ఆల్బమ్‌ని సగం చెవితో విన్నామేమో అనిపించింది.

మీరేమంటారు?

మోనోభక్తుడు · నవంబర్ 4

సగం చెవితో విన్నది స్టీరియో వాళ్లు. మోనో వినేవాళ్లకి 1966 నుంచీ డ్రమ్స్ మధ్యలోనే ఉన్నాయి.

ఆ రోజుల్లో శ్రద్ధంతా మోనో మీదే పెట్టేవాళ్లు, ఇది కొత్త సంగతేం కాదు. రికార్డింగ్ ఏప్రిల్ 6న మొదలై జూన్ 21 దాకా సాగింది. 22న మిక్సింగ్ ముగిసింది, 23న కుర్రాళ్లు జర్మనీ టూర్‌కి విమానం ఎక్కేశారు. స్టీరియోకి దక్కింది మిగిలిన సమయమే. అలా హడావుడిగా చేసిన దాన్ని బాగు చేశామని ఇప్పుడు పండగ చేసుకుంటున్నాం. బాగా చేసినది పక్కనే ఉంది, అదే బాక్సులో. దాన్ని పెట్టుకుని వినండి.

డ్రమ్స్‌చప్పుడు · నవంబర్ 4

గురువుగారూ, మోనో మీద మీ భక్తి తెలిసిందే. కానీ ‘షీ సెడ్ షీ సెడ్’లో రింగో చేసిన పనిని కొత్త మిక్స్‌లో ఒక్కసారి వినండి. మోనోలో గిటార్ల కింద నలిగిపోయిన చిన్న చిన్న దెబ్బలు కూడా ఇప్పుడు విడివిడిగా వినిపిస్తున్నాయి. డ్రమ్స్ వాయించే వాడిగా చెప్తున్నా, ఈ ఒక్క పాట కోసం నాకు ఈ సెట్ గిట్టుబాటే.

కొత్తచెవులు · నవంబర్ 5

అందరికీ నమస్కారం. నేను ఈమధ్యే బీటిల్స్ వినడం మొదలుపెట్టాను. ఒక డౌటు. ‘సార్జంట్ పెప్పర్’ 2017లో, ‘వైట్ ఆల్బమ్’ 2018లో, ‘అబీ రోడ్’ 2019లో, ‘లెట్ ఇట్ బీ’ 2021లో ఇలాంటి పెద్ద సెట్లుగా వచ్చాయి కదా. వరుసలో ముందుండాల్సిన ‘రివాల్వర్’ ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

టేపుపురుగు · నవంబర్ 5

మంచి ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

‘అబీ రోడ్’ నాటికి ఎనిమిది ట్రాకుల మెషీన్ ఉంది, అంటే ఒకే టేపు మీద ఎనిమిది శబ్దాల్ని విడివిడిగా పట్టేది. ‘పెప్పర్’ నాలుగు ట్రాకులే అయినా, ఒక టేపు నిండాక దాన్ని ఇంకో టేపు మీదికి కుదించి ఖాళీ చేసుకుంటూ పనిచేశారు. ఆ కుదించక ముందరి టేపులు భద్రంగా ఉన్నాయి. వాటిని తీసి, ఒకదానితో ఒకటి కాలం సరిపెట్టుకుంటే, వాయిద్యాలు చాలావరకు విడివిడిగా దొరుకుతాయి. 2017లో చేసింది అదే.

‘రివాల్వర్’తో ఆ పప్పులు ఉడకవు. ‘టాక్స్‌మన్’ తీసుకోండి. డ్రమ్స్, బేస్, గిటార్ ముగ్గురూ కలిసి వాయించారు, అంతా ఒకే ట్రాకు మీద పడింది. వెనక్కి వెళ్లడానికి వేరే టేపంటూ లేదు, పుట్టుకలోనే కలిసిపోయాయి. అందుకే పాత స్టీరియోలో ఆ మూడూ ఎడమవైపు ఉన్నాయి. ఉన్న ఒక్క ట్రాకునీ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

తర్వాత పీటర్ జాక్సన్ ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ వచ్చింది. అక్కడ సినిమా వాళ్లు ఒకే మైకులో పడిన మాటల్నీ గిటార్ మోతనీ విడదీయడానికి ఒక పద్ధతి తయారు చేసుకున్నారు. విన్‌గ్‌నట్ సంస్థలో ఎమిల్ డి లా రే బృందం చేసిన పని అది. ఇది రింగో స్నేర్ డ్రమ్, ఇది పాల్ బేస్ అని కంప్యూటర్‌కి నేర్పిస్తారు. అది ఆ ఒక్క ట్రాకులోంచి దేనికది బయటికి లాగుతుంది. కలిపేసిన రంగుల్లోంచి మళ్లీ ఎరుపునీ పసుపునీ వేరు చేసినట్టు. ‘రివాల్వర్’ ఆగింది దీని కోసమే.

కొత్తచెవులు · నవంబర్ 5

అద్భుతంగా చెప్పారు సార్, థాంక్స్. అయితే కంప్యూటర్ వేరు చేసిన డ్రమ్స్ నిజంగా రింగో వాయించినవేనా, లేక కంప్యూటర్ ఊహించినవా?

మోనోభక్తుడు · నవంబర్ 5

చూశారా, కొత్తగా వచ్చిన అబ్బాయి మొదటి రోజే సరైన చోట వేలు పెట్టాడు.

టేపుపురుగు · నవంబర్ 5

రింగోవే. ఆ టేపులో ఉన్న శబ్దాన్నే వేరు చేస్తారు, కొత్తగా ఏమీ వాయించి కలపరు. విడదీసిన భాగాలన్నీ మళ్లీ కలిపితే మొదటి టేపులోని శబ్దమే రావాలి. కాకపోతే విడదీసిన ముక్కని ఒంటరిగా వింటే అంచుల దగ్గర కొంచెం గరగర ఉంటుంది. మిక్స్‌లో మిగతా వాయిద్యాలు దాన్ని కప్పేస్తాయి. సింబల్స్ మోత దగ్గర చెవులు రిక్కించి వింటే ఒకటి రెండు చోట్ల నాకు పట్టుబడింది. మామూలుగా వినేవాళ్లకి పట్టదు.

బీసైడ్_బాబాయి · నవంబర్ 6

మిక్స్ గురించి కొట్టుకుంటున్నారు గానీ, బ్లూ రే ఏదయ్యా బాబూ? ‘పెప్పర్’ నుంచి ‘లెట్ ఇట్ బీ’ దాకా ప్రతి పెద్ద సెట్‌లోనూ సరౌండ్ మిక్స్ (చుట్టూ పెట్టిన స్పీకర్ల కోసం చేసినది) డిస్కు ఇచ్చారు. ఈసారి లేదు. అలాంటిదే డాల్బీ అట్మాస్ మిక్స్ చేశారు, కానీ స్ట్రీమింగ్‌లో వినాలట. అంటే డిస్కు కొనేవాడికంటే కొననివాడికే ఎక్కువ ఇచ్చారన్నమాట.

పైగా ఐదో సీడీ చూడండి. నాలుగంటే నాలుగు ట్రాకులు. రెండు పాటలు, స్టీరియోలో ఒకసారి, మోనోలో ఒకసారి. మొత్తం పదకొండు నిమిషాలు నిండదు. దానికి ఒక పూర్తి డిస్కు! పెట్టె బరువుగా కనిపించాలంటే ఇంతకన్నా తేలిక మార్గం లేదు.

నాలుగు_ట్రాకులు · నవంబర్ 6

బ్లూ రే విషయంలో బాబాయి గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఈపీ మాత్రం నాకు ఇష్టమే. ఆ రెండు పాటలూ అవే సెషన్లలో పుట్టాయి. సింగిల్‌గా 1966 జూన్ 10న వచ్చాయి కాబట్టి ఆల్బమ్‌లో లేవు, అంతే. ‘పేపర్‌బ్యాక్ రైటర్’లో పాల్ బేస్ అంత గట్టిగా రావడానికి ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకులా వాడారు. ఆ ప్రయోగం లేకుండా ‘రివాల్వర్’ కథ పూర్తి కాదు.

బీసైడ్_బాబాయి · నవంబర్ 6

పాటలు వద్దనలేదు నాయనా. నా పేరు చూసి కూడా ‘రెయిన్’ లాంటి బీసైడ్ (సింగిల్ రెండో వైపు పాట) వద్దంటానని ఎలా అనుకున్నావు? మోనో డిస్కులో ఆల్బమ్ అయిపోయాక బోలెడు చోటు మిగిలే ఉంది, అక్కడ పెట్టమంటున్నా.

డ్రమ్స్‌చప్పుడు · నవంబర్ 6

‘రెయిన్’ మాట వచ్చింది కాబట్టి, సెషన్స్‌లో ఉన్న టేక్ 5 విన్నారా ఎవరైనా? వాళ్లు వాయించిన అసలు వేగంలో ఉంది. మనకి తెలిసిన ‘రెయిన్’ బరువుగా, ఈడుస్తున్నట్టు నడుస్తుంది కదా. వాళ్లు దాన్ని పరుగులా వాయించి, తర్వాత టేపు వేగం తగ్గించారు. అందుకే డ్రమ్స్‌కి ఆ లోతైన మోత వచ్చింది. తన వాయింపుల్లో తనకి బాగా ఇష్టమైనది ఇదేనని రింగో చాలాసార్లు చెప్పాడు. ఇన్నాళ్లూ నేను నెమ్మదిగా వాయిస్తూ ఆ శబ్దం ఎందుకు రావడం లేదా అని జుట్టు పీక్కున్నాను. ఆ స్నేర్ దెబ్బలు అసలు వేగంలో ఎంత పదునుగా ఉన్నాయో!

తంబూరశ్రుతి · నవంబర్ 6

నేను సెషన్స్ డిస్కులే తిప్పి తిప్పి వింటున్నాను. ‘లవ్ యూ టూ’ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి?

అందులో టేక్ 1 ఉంది. సితార్ లేదు, తబలా లేదు. జార్జ్ హారిసన్ గిటార్ పట్టుకుని పాడుకుంటాడు, పాల్ పక్కన గొంతు కలుపుతాడు. వట్టి బాణీ. దాని తర్వాత రిహార్సల్ ముక్క, అందులో తంబూర మీటుతుంటే సితార్ తడుముకుంటూ దారి వెతుక్కుంటుంది. ఆ వరుసలో వింటే పాట ఎలా పెరిగిందో తెలిసిపోతుంది. ‘నార్వీజియన్ వుడ్’లో సితార్ అలంకారం కింద వచ్చింది. ఇక్కడ పాట నడకే మన పద్ధతిలోకి వచ్చేసింది. మొదట్లో తాళం లేకుండా ఆలాపన, తర్వాత తబలా అందుకోవడం, చివర్లో వేగం పెంచడం, మన కచేరీలు వినేవాళ్లకి పరిచయమైన దారే.

తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు 1966 నాటి అట్ట మీదే అచ్చు వేశారు. బీటిల్స్ రికార్డుల మీద బయటి వాద్యకారులకి పేరు పడటం అప్పట్లో అరుదు. కొత్త మిక్స్‌లో ఆయన ఎడమచేతి దెబ్బ, ఆ గుమ్మనే శబ్దం చాలా స్పష్టంగా ఉంది. మోనోలో అది సితార్ కింద పడి సగం పోయింది. మోనోభక్తుడు గారు ఏమనుకున్నా సరే, ఈ పాటకి మాత్రం నా ఓటు 2022కే.

మోనోభక్తుడు · నవంబర్ 7

తబలా సంగతి ఒప్పుకుంటాను అమ్మా. ఒక పాట పోయింది, పదమూడు మిగిలాయి.

అసలు నా గొడవ శబ్దం గురించి కాదు. జార్జ్ మార్టిన్ 2016లో పోయారు. ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ 2018లో పోయారు. ఈ ఆల్బమ్ మొదలయ్యేటప్పటికి ఎమరిక్ వయసు ఇరవై. తీగల మీదికి మైకులు దగ్గరగా జరిపించాడు, బేస్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కాడు, జాన్ లెనన్ గొంతుని లెస్లీ స్పీకర్ (లోపల తిరుగుతూ మోగేది) లోంచి పంపాడు. అవన్నీ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు. ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి అన్నది కూడా వాళ్ల నిర్ణయమే. ఆ ఇద్దరూ లేరు, జాన్ లేడు, జార్జ్ లేడు. ఇప్పుడు వాళ్ల ట్రాకుల్ని విడగొట్టి, మన చెవులకి తగ్గట్టు సర్దుతున్నాం. రేపు ఇంకో తరం వచ్చి వాళ్ల చెవులకి సర్దుకుంటుంది. అప్పుడు ‘రివాల్వర్’ అంటే ఏది?

టేపుపురుగు · నవంబర్ 7

అన్నా, ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’ సీడీలు 1987లో వచ్చినప్పుడు జార్జ్ మార్టిన్ ఏం చేశారో గుర్తుందా? పాత స్టీరియో మిక్స్‌లు నచ్చక రెండింటినీ తనే మళ్లీ మిక్స్ చేశారు. 2009 స్టీరియో రీమాస్టర్లకి (పాత టేపుల శబ్దం మెరుగుపరిచి వేసిన సీడీలు) కూడా ఆ మిక్స్‌లనే వాడారు. పాత స్టీరియో ముట్టుకోకూడని వస్తువని ఆయనే అనుకోలేదు. కొడుకు చేస్తే తప్పెలా అయింది?

మోనోభక్తుడు · నవంబర్ 7

ఆయన చేసుకుంటే ఆయన పాట, ఆయన ఇష్టం. తండ్రి రాసిన ఉత్తరాన్ని తండ్రే దిద్దుకోవచ్చు. కొడుకు దిద్దకూడదు, ఎంత మంచి చేతిరాత ఉన్నా.

నాలుగు_ట్రాకులు · నవంబర్ 7

కొడుకు ఉత్తరం దిద్దలేదు కదండీ, పాత ఉత్తరం అదే పెట్టెలో మడతలు చెదరకుండా పెట్టాడు. ఎవరికి కావలసింది వాళ్లు చదువుకోవచ్చు. పాల్, రింగో అనుమతి లేకుండా ఈ సెట్ బయటికి వచ్చేదీ కాదు. సెట్‌తో వచ్చిన పుస్తకానికి ముందుమాట కూడా పాల్ రాశాడు.

మోనోభక్తుడు · నవంబర్ 7

పెట్టెలో పెట్టారు, సరే. కొత్తగా వినేవాడికి ముందు ఎదురయ్యేది ఏది? స్ట్రీమింగ్‌లో ‘రివాల్వర్’ అని వెతికితే కొత్త మిక్స్ పైన నవ్వుతూ కూర్చుంటుంది. మోనో ఆ సెట్‌లో సెషన్స్ అన్నీ దాటాక, మూడు డిస్కుల అవతల ఉంటుంది. అక్కడి దాకా ఎంతమంది దిగుతారు?

కొత్తచెవులు · నవంబర్ 8

నేను దిగాను సార్. నిన్న రాత్రి మోనో మొత్తం విన్నాను, ఆ వెంటనే కొత్త స్టీరియో పెట్టాను. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లో ఆ తలకిందుల గిటార్ రెండింట్లో వేర్వేరు చోట్ల వస్తోంది. నా చెవుల తప్పా?

టేపుపురుగు · నవంబర్ 8

చెవులు భేషుగ్గా ఉన్నాయి. మే 5న జార్జ్ రాత్రంతా కూర్చుని వాయించి, టేపు తిరగేసి చేసిన గిటార్ అది. ఎక్కడ వినిపించాలి, ఎక్కడ ఆపాలి అన్నది మిక్స్ చేసేటప్పుడు చేత్తో తేల్చేవాళ్లు. అందుకే మోనోలో ఒక రకం, స్టీరియోలో ఇంకో రకం. ‘గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్’ చివర పాల్ అరుపులు మోనోలో ఇంకాసేపు వినిపిస్తాయి. అది కూడా వినండి. ఆ పాటకే సెషన్స్‌లో ఇంకో రూపం ఉంది, బాకాలు రాకముందు వాటి స్థానంలో గిటార్లు మోగుతుంటాయి. రాక్ ఇష్టపడే వాళ్లు అదే బాగుందంటారు. నాకు మాత్రం ట్రంపెట్లు, శాక్సోఫోన్లు లేకపోతే ఆ పాట చప్పగానే ఉంటుంది.

తంబూరశ్రుతి · నవంబర్ 8

సెషన్స్‌లో నన్ను కట్టిపడేసిన ఇంకో ముక్క: ‘ఎలినోర్ రిగ్బీ’ టేక్ 2 ముందు మాటలు. ఎనిమిది మంది వాద్యకారులు, నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. స్వరాన్ని కంపింపజేస్తూ ఒకసారి, కంపన లేకుండా నిటారుగా ఒకసారి వాయించి చూపిస్తారు. తేడా తెలుస్తోందా అని జార్జ్ మార్టిన్ అడిగితే, పెద్దగా లేదంటాడు పాల్! నాకు నవ్వాగలేదు. పాట రాసిన వాడికి తెలియని తేడా వాద్యకారులకి బాగా తెలుసు. చివరికి నిటారుగా వాయించినదే ఉంచారు. ఆ పాటలో జాలి ఒలికించకుండా గుచ్చుకునే గుణం అక్కడి నుంచే వచ్చింది.

బీసైడ్_బాబాయి · నవంబర్ 8

దీనికి బ్లూ రే ఇవ్వలేదన్న కోపం కూడా చల్లారేలా ఉంది, జాగ్రత్త.

నేనూ ఒకటి చెప్తా. ‘ఎల్లో సబ్‌మెరీన్’ పిల్లల పాట, పాల్ సరదాగా రాసి రింగోకి ఇచ్చాడు, అంతే అనుకునేవాణ్ని. ఇందులో ఇంట్లో చేసుకున్న టేపు ఉంది, రెండు భాగాలు. మొదటి భాగంలో జాన్ ఒక్కడే గిటార్ మీద పాడుతున్నాడు. సబ్‌మెరీన్ ఊసే లేదు. పుట్టిన చోట తనని ఎవరూ పట్టించుకోలేదన్న దిగులు పాట. బాణీ మాత్రం మనకి తెలిసిన చరణానిదే. రెండో భాగానికి వచ్చేసరికి ఇద్దరూ కూర్చుని దాన్ని నవ్వులాటగా మారుస్తున్నారు. మొత్తం సెట్‌లో కొత్తగా తెలిసినది ఏదైనా ఉందంటే ఇదే.

నాలుగు_ట్రాకులు · నవంబర్ 8

అవును, నేనూ అక్కడ ఆగిపోయాను. ఆ పాట వచ్చినప్పుడల్లా దాటేసేవాణ్ని, ఇప్పుడు దాటేయలేకపోతున్నా.

డ్రమ్స్‌చప్పుడు · నవంబర్ 8

కొంచెం చన్నీళ్లు చల్లుతా, తిట్టకండి. సెషన్స్‌లో కొన్ని 1996లో ‘ఆంథాలజీ 2’లోనే వచ్చేశాయి. ‘టుమారో నెవర్ నోస్’ టేక్ 1, ‘టాక్స్‌మన్’ టేక్ 11, జాన్, పాల్ నవ్వాపుకోలేక పాడే ‘అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్’. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ రెండు డిస్కులకి కలిపి 31 ట్రాకులు, అందులో కొన్ని పాతవి, కొన్ని చిన్న ముక్కలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ స్టూడియోలో తిరిగిన టేపంతా ఇంతేనా అనిపించదా?

టేపుపురుగు · నవంబర్ 9

ఇంతే మిగిలి ఉండొచ్చు తమ్ముడూ. టేపు ఖరీదైన సరుకు. పనికిరాదనుకున్న టేక్ మీద మళ్లీ రికార్డు చేసేవాళ్లు. ‘గెట్ బ్యాక్’ రోజుల్లోలా పక్కన సినిమా వాళ్ల రికార్డర్లు గంటల తరబడి తిరగలేదు.

‘టుమారో నెవర్ నోస్’లో మీరు మర్చిపోయిన ట్రాకు ఒకటుంది, మోనో రీమిక్స్ 11, అంటే మోనోలో పదకొండోసారి కలిపి చూసినది. కథ తెలియని వాళ్ల కోసం: ఈ ఆల్బమ్‌కి రికార్డు చేసిన మొదటి పాట ఇదే, ఏప్రిల్ 6న. మర్నాడు టేపు చుట్టలు (ఒకే శబ్దం పదే పదే తిరిగేలా కొసలు అతికించిన టేపు ముక్కలు) కలిపారు. భవనంలో ఉన్న మెషీన్లన్నిటి మీదా చుట్టలు తిరుగుతుంటే, బిగువు పోకుండా మనుషులు పెన్సిళ్లతో పట్టుకుని నిలబడ్డారు. మిక్స్ బోర్డు దగ్గర ఏ మీట ఎప్పుడు పైకి లేపితే ఆ శబ్దం వస్తుంది. అందుకే ఏ రెండు మిక్స్‌లూ ఒకేలా ఉండవు. ఆల్బమ్ అచ్చుకి వెళ్లాక జార్జ్ మార్టిన్ మనసు మార్చుకుని 11 బదులు 8వ రీమిక్స్ పెట్టించారు. ఈలోగా కొన్ని కాపీలు 11తోనే బయటికి వెళ్లిపోయాయి. బ్రిటన్ మోనో ఎల్పీ రెండో వైపు, లేబుల్‌కి ఆనుకుని ఉన్న నున్నటి అంచు మీద ఎక్స్‌ఈఎక్స్ 606-1 అని చెక్కి ఉంటే అదే. దాని కోసం రికార్డులు సేకరించేవాళ్లు భూతద్దాలు పట్టుకుని తిరుగుతుంటారు.

నాలుగు_ట్రాకులు · నవంబర్ 9

మోనోభక్తుడు గారూ, ఇప్పుడు చెప్పండి. మోనోలోనే 8 ఉంది, 11 ఉంది. విడుదల రోజు ఆగస్టు 5న రెండు రకాల ‘రివాల్వర్’ దుకాణాల్లో ఉంది. అమెరికాలో ఇంకా ఘోరం. అక్కడి రికార్డు కంపెనీ క్యాపిటల్ వాళ్లు మూడు పాటలు ముందే వేరే ఆల్బమ్‌కి లాగేసుకుని పదకొండు పాటల ‘రివాల్వర్’ అమ్మారు. అసలైనది ఒకటే ఉందని ఎలా పట్టుబడతారు?

మోనోభక్తుడు · నవంబర్ 9

11 తీసి 8 పెట్టించింది ఎవరు? జార్జ్ మార్టిన్. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది కూడా అదే, నిర్ణయం ఆయనదై ఉండాలని. మీరు నా పక్షానే సాక్ష్యం చెబుతున్నారు.

అన్నట్టు, రీమిక్స్ 11 విన్నాను. ఆ సముద్రపు పక్షుల అరుపులు ఇందులో వేరే వేళల్లో ఎగురుతాయి, చివర్లో పియానో ఇంకాస్త వినిపిస్తుంది. 8 కన్నా ఇదే బాగుంది. ఈ మాట ఇంకెక్కడా అనకండి.

బీసైడ్_బాబాయి · నవంబర్ 9

అయ్యో, భక్తుడే జార్జ్ మార్టిన్ నిర్ణయాన్ని దిద్దాడు!

కొత్తచెవులు · నవంబర్ 10

మీ అందరి ధర్మమా అని నాకు ఒక వరుస కుదిరింది. ముందు మోనో, తర్వాత సెషన్స్, చివర్లో కొత్త స్టీరియో. ‘టాక్స్‌మన్’కి, ‘లవ్ యూ టూ’కి కొత్తదే నచ్చింది. ‘టుమారో నెవర్ నోస్’ మాత్రం మోనోలోనే భయపెట్టింది, విడదీసి పరిచాక ఆ భయం కాస్త తగ్గింది. ఇక ‘రబ్బర్ సోల్’ కూడా ఇలాగే చేస్తారంటారా?

టేపుపురుగు · నవంబర్ 10

చేయాలనే నా ఆశ. అందులో పాత స్టీరియో ఇంకా అన్యాయం, చాలా పాటల్లో గొంతులన్నీ ఒక వైపు, వాయిద్యాలన్నీ ఇంకో వైపు. విడదీసే పద్ధతి ఇప్పుడు చేతిలో ఉంది కాబట్టి నాలుగు ట్రాకులన్న అడ్డంకి పోయింది.

బీసైడ్_బాబాయి · నవంబర్ 10

చేస్తే చేయనీ. అప్పుడే సింగిల్‌గా వచ్చిన ‘డే ట్రిప్పర్’, ‘వుయ్ కెన్ వర్క్ ఇట్ అవుట్’ కోసం మళ్లీ పది నిమిషాల సీడీ ఒకటి పెడతారు, రాసిపెట్టుకోండి.

మోనోభక్తుడు · నవంబర్ 10

పెట్టనీ బాబాయ్, అందులో సగం మోనోనే కదా.